సిలిండరా, పైపు గ్యాసా, గోబర్ గ్యాసా? మంటను చూసి తేల్చుకోండి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నా పాత స్టూడెంట్ ఒకతను టిఫిన్ సెంటర్ నడుపుతున్నాడు. మొన్న పొద్దున టీ తాగుదామని ఆగితే లోపలికి పిలిచి, ఇడ్లీ పాత్ర ఎత్తి అడుగు చూపించాడు. ముట్టుకుంటే వేలికి మసి అంటింది.

"రోజూ ఇది తోమలేక పనోళ్లు పరేషాన్ అయితున్నరు సార్. గ్యాస్‌ల ఏదో కల్తీ ఉన్నట్టుంది. మా వీధికి పైపు గ్యాస్ వస్తదంటున్నరు, దానికి మారుమంటరా?"

వంగి మంట చూశాను. నీలంగా, పొట్టిగా నిలబడాల్సిన మంట పసుపు పచ్చగా పాత్ర పక్కల దాకా నాలుకలు చాస్తోంది. గ్యాస్ కట్టేయించి బర్నర్ ఊడదీయించాను. జెట్ (గ్యాస్ చిమ్మే సన్న కన్నమున్న ముక్క) వెనక గాలి లోపలికి పోయే రంధ్రం దగ్గర దోసె పిండి, నూనె కలిసి గట్టిగా పేరుకుని ఉన్నాయి. వైరు బ్రష్‌తో గీకి, బర్నర్ కన్నాలు పిన్నుతో పొడిచి మళ్లీ వెలిగిస్తే మంట నీలంగా వచ్చింది. గ్యాస్ అదే, పొయ్యీ అదే. గాలి పోయే దారి తెరుచుకుంది, అంతే.

కానీ అతను అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. అదే వారం దేవరకొండ దగ్గరి పల్లె నుంచి మా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, రెండు బర్రెల పెండ ఊకెనే పోతంది. గోబర్ గ్యాస్ పెట్టిస్తే సిలిండర్ బాధ తప్పుతదా?" జడ్చర్లలో ఉండే బావమరిదికి కారు టెన్షన్. రోజూ హైదరాబాద్ వెళ్లి రావాలి, డీజిల్ తీసుకోవాలా సీఎన్‌జీ తీసుకోవాలా తేలడం లేదు. ఇంటర్ పిల్లలకు ఇరవై ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను కాబట్టి మా ఇంట్లో, బయట ఇలాంటివన్నీ నన్నే అడుగుతారు. ఈ ముగ్గురి ప్రశ్నలకూ జవాబు ఒకే పాఠంలో ఉంది. ఆల్కేన్లు ఎలా మండుతాయి, సరిగా మండకపోతే ఏమవుతుంది అనేదే ఆ పాఠం.

## ఆల్కేన్ల గుణం, పొయ్యికి పనికొచ్చేంత వరకు

కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండి, కార్బన్ల మధ్య అన్నీ ఏక బంధాలే ఉంటే అది ఆల్కేన్. ఒక్క కార్బన్ ఉంటే మీథేన్, మూడుంటే ప్రొపేన్, నాలుగుంటే బ్యూటేన్, ఎనిమిదుంటే ఆక్టేన్. పైపు గ్యాస్, గోబర్ గ్యాస్, సీఎన్‌జీ మూడింటిలోనూ మండేది ముఖ్యంగా మీథేనే. ఎర్ర సిలిండర్‌లో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. పెట్రోల్‌లో ఐదు నుంచి పన్నెండు కార్బన్ల దాకా ఉన్న హైడ్రోకార్బన్లు, డీజిల్‌లో అంతకన్నా పొడుగైనవి ఎక్కువ.

ఇవి మామూలుగా దేని జోలికీ పోవు. ఆమ్లంతో, క్షారంతో కలిపినా చలించవు. వీటికున్న పారాఫిన్లు అనే పాత పేరుకు అర్థమే 'కలిసే గుణం తక్కువ' అని. సిలిండర్ ఆరు నెలలు మూలన పెట్టినా లోపలి గ్యాస్ పాడుకాకపోవడానికి కారణం ఇదే. ఎండలో క్లోరిన్ తగిలితే ఒక్కో హైడ్రోజన్ స్థానంలో ఒక్కో క్లోరిన్ చేరుతుంది. అది ప్రతిక్షేపణ చర్య, పరీక్షలో తప్పకుండా అడుగుతారు, వంటింటికి దానితో పనిలేదు. రిఫైనరీలో పొడుగు గొలుసులను బాగా వేడిచేసి పొట్టివిగా విరుస్తారు, అది క్రాకింగ్. వంటింట్లోనూ, కారు ఇంజిన్లోనూ మనం వాడుకునేది దహనం ఒక్కటే. గాలి పక్కనే ఉన్నా అది దానంతటది మొదలుకాదు. లైటర్ నొక్కితే పుట్టే నిప్పురవ్వ మొదటి బంధాలను తెంచుతుంది, ఆ తర్వాత పుట్టిన వేడే మిగతా పనిని నడిపిస్తుంది.

ఇక్కడ గాలి లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. ఒక చెంబు మీథేన్ పూర్తిగా మండాలంటే రెండు చెంబుల ఆక్సిజన్ కావాలి. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే కాబట్టి దాదాపు పది చెంబుల గాలి కావాలన్నమాట. ప్రొపేన్‌కైతే ఐదు చెంబుల ఆక్సిజన్, అంటే 24 చెంబుల గాలి. బ్యూటేన్‌కు ఆరున్నర చెంబుల ఆక్సిజన్, 31 చెంబుల గాలి.

అంత గాలి అందితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. చల్లటి గిన్నె పొయ్యి మీద పెట్టిన కొత్తలో అడుగున చెమట పట్టినట్టు చుక్కలు కనిపిస్తాయి. గిన్నె కారుతోందని కొందరు అనుకుంటారు. అది గ్యాస్ మండగా పుట్టిన నీరు. కిలో ఎల్‌పీజీ మండితే కిలోన్నరకు పైగానే నీరు పుడుతుంది.

గాలి చాలకపోతే కార్బన్ సగంలోనే ఆగిపోతుంది. కొంత మసిగా గిన్నెకు అంటుతుంది, కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా గదిలో చేరుతుంది. మంట పసుపుగా కనిపించేది వేడెక్కి మెరిసే ఆ మసి రేణువుల వల్లే. ఇందులో డబ్బు నష్టం కూడా ఉంది. ఒక మోల్ మీథేన్ (16 గ్రాములు) పూర్తిగా మండితే 890 కిలోజౌల్‌ల వేడి వస్తుంది. అది కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతే వచ్చేది 607 మాత్రమే. మూడింట ఒక వంతు వేడి పొయ్యిలోనే పోయినట్టు.

## ఏ లెక్కన పోల్చాలి

చాలామంది ధర ఒక్కటే చూస్తారు. అది కూడా తప్పు కొలతలో చూస్తారు. సిలిండర్ కిలోల్లో, పైపు గ్యాస్ ఘనపు మీటర్లలో, పెట్రోల్ లీటర్లలో అమ్ముతుంటే కిలో ధరను, లీటరు ధరను పక్కపక్కన పెట్టి లాభం లేదు. నేను చూసేవి ఇవి: రూపాయికి గిన్నెలోకి ఎంత వేడి చేరుతుంది, లీకైతే గ్యాస్ ఎటు పోతుంది, రోజూ చాకిరీ ఎవరు చేయాలి, సరఫరా ఆగిన రోజు చేతిలో ఇంకేం ఉంటుంది. మొదటి రెండూ కెమిస్ట్రీ చెబుతుంది, మిగతా రెండూ మీ ఇంటి సంగతి.

| ఇంధనం | మండే పదార్థం | కొలత | వేడి, సుమారు (మెగాజౌల్) | ఒక వంతు గ్యాస్‌కు కావాల్సిన గాలి | లీకైతే |
|---|---|---|---|---|---|
| సిలిండర్ (ఎల్‌పీజీ) | ప్రొపేన్, బ్యూటేన్ | 1 కిలో | 46 | 24 నుంచి 31 వంతులు | నేలబారుగా పాకుతుంది |
| పైపు గ్యాస్ (పీఎన్‌జీ) | ముఖ్యంగా మీథేన్ | 1 ఘనపు మీటరు | 35 | దాదాపు 10 వంతులు | పైకి పోతుంది |
| గోబర్ గ్యాస్ | సుమారు 60 శాతం మీథేన్ | 1 ఘనపు మీటరు | 20 | దాదాపు 6 వంతులు | గాలిలో కలిసి తిరుగుతుంది |
| పత్తి కట్టె | ఆల్కేన్ కాదు, పోలిక కోసం | 1 కిలో | 15 | – | – |

ఈ పట్టికలో ఉన్నది పుట్టే వేడి. గిన్నెలోకి చేరేది వేరు. భారతీయ ప్రమాణాల ప్రకారం ఎల్‌పీజీ పొయ్యి కనీసం 68 శాతం వేడిని, గోబర్ గ్యాస్ పొయ్యి కనీసం 55 శాతం వేడిని గిన్నెకు అందించాలి. మూడు రాళ్ల పొయ్యి మీద కట్టెల వేడిలో పదో వంతు చేరితే గొప్ప. ఆ లెక్కన ఒక కిలో సిలిండర్ గ్యాస్ చేసే పనికి ఇరవై కిలోల పత్తి కట్టె కావాలి. చేనులో కట్టె ఊరికే దొరుకుతుంది నిజమే. కానీ దాన్ని పీకి, మోపు కట్టి, మోసి, పొగలో కూర్చుని ఊదే మనిషి ఊరికే దొరకదు. జొన్న రొట్టెలకు, స్నానం నీళ్లకు ఆరుబయట కట్టెల పొయ్యి ఉంచుకోండి, కాదనను. ఇంటి లోపల మాత్రం వద్దు.

## సిలిండర్: ఎక్కడికైనా వస్తుంది, నేల మీద పాకుతుంది

ఎల్‌పీజీ గొప్పతనమంతా బ్యూటేన్, ప్రొపేన్ మరిగే ఉష్ణోగ్రతల్లో ఉంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 దగ్గర మరుగుతాయి. కాస్త ఒత్తిడి పెడితే మామూలు వేడిలోనే ద్రవంగా మారతాయి, వదిలితే వాయువై వస్తాయి. మీథేన్ అలా లొంగదు, దాన్ని ద్రవంగా మార్చాలంటే మైనస్ 161 దాకా చల్లబరచాలి. పైపు అక్కర్లేకుండా తండాకైనా గుట్ట మీది ఊరికైనా చేరగలిగేది సిలిండర్ ఒక్కటే కావడానికి కారణం ఇదే. ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోలు, హోటల్ వాళ్ల సిలిండర్‌లో 19 కిలోలు ఉంటాయి.

ఎంత మిగిలిందో తెలియాలంటే తడి గుడ్డతో సిలిండర్‌ను నిలువునా తుడిచి రెండు నిమిషాలు ఆగండి. పైభాగం ముందు ఆరిపోతుంది, ద్రవం ఉన్నంత మేర తడి ఇంకా నిలిచి ఉంటుంది. ఆ గీతే లోపలి మట్టం.

ఇక భయపడాల్సిన సంగతి. ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. లీకైన గ్యాస్ కిటికీలోంచి పోదు. నేల మీద పరుచుకుని, తలుపు కింద సందులోంచి పక్క గదిలోకి, డ్రైనేజీ గుంతలోకి పాకుతుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న గదికి లెక్క వేసి చూశాను. గది నిండా సమంగా కలిసినా సుమారు కిలోన్నర గ్యాస్ సరిపోతుంది. నేల దగ్గరే నిలిస్తే అంత కూడా అక్కర్లేదు. అందుకే వాసన వస్తే స్విచ్ వేయకండి, ఉన్న స్విచ్ ఆర్పకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపు బార్లా తీసి బయటికి నడవండి. ఆ వాసన కూడా ఆల్కేన్‌ది కాదు, మనకు తెలియాలని కలిపిన మెర్‌కాప్టాన్‌ది.

తెల్ల రేషన్ కార్డు ఉన్న వాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. తెలంగాణ రాష్ట్రంలో 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయల సిలిండర్ మొదలైంది. ముందు పూర్తి ధర కడితే మిగతాది ఖాతాలో పడుతుంది. మీ పేరు ఆ జాబితాలో ఉంటే, డబ్బు మిగులుతుందని మాత్రమే గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టించుకోకండి. ఎరువు కోసం అయితే సరే.

## పైపు గ్యాస్: బుకింగ్ బాధ లేదు, జెట్ మాత్రం మార్చాలి

మీథేన్ గాలి కన్నా తేలిక, గాలి బరువులో సగం కన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది, అంతే. లీకైతే పైకి లేచి, వెంటిలేటర్ తెరిచి ఉంటే బయటికి పోతుంది. గాలిలో ఐదు శాతం చేరితే గానీ అంటుకోదు. ఈ రెండు లెక్కల్లోనూ సిలిండర్ కన్నా ఇది నయం. వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టిన వంటింట్లో ఆ లాభం ఉండదు, మీథేన్ కప్పు కిందే నిలిచిపోతుంది.

ధర పోల్చడం తేలికే. ఒక 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 19 ఘనపు మీటర్ల పైపు గ్యాస్‌లో ఉంటుంది. మీ ఊళ్లో ఘనపు మీటరు ధరను 19తో గుణించి సిలిండర్ ధర పక్కన పెట్టండి. పాత సిలిండర్ పొయ్యికే జెట్ మార్చి వాడితే గిన్నెకు చేరే వేడి తగ్గుతుంది, 19కి బదులు ఇంకొన్ని మీటర్లు ఖర్చవుతాయి. పైపు గ్యాస్ కోసమే చేసిన పొయ్యి కొనడం మేలు.

జెట్ సంగతి దగ్గర కాసేపు ఆగాలి, ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ఒకే కొలత మీథేన్ కన్నా ప్రొపేన్‌లో రెండున్నర రెట్లకు పైగా వేడి ఉంది. పైగా సిలిండర్ రెగ్యులేటర్ నుంచి వచ్చే ఒత్తిడి పైపు గ్యాస్ ఒత్తిడి కన్నా ఎక్కువ. కాబట్టి సిలిండర్ పొయ్యి జెట్ కన్నం సన్నగా, పైపు గ్యాస్ జెట్ కన్నం వెడల్పుగా ఉంటాయి. సన్నటి జెట్‌తో పైపు గ్యాస్ వెలిగిస్తే మంట పీలగా వస్తుంది, అన్నం ఉడకడానికి గంట పడుతుంది, అంతకు మించి ప్రమాదం లేదు. దీనికి తిరగేసింది భయంకరం. పైపు గ్యాస్ జెట్ ఉన్న పొయ్యికి సిలిండర్ తగిలిస్తే, పట్టాల్సిన దానికి ఎన్నో రెట్ల గ్యాస్ వస్తుంది. దానికి తగ్గ గాలి లోపలికి రాదు. పసుపు మంట ఎగిసి గది నిండా మసి, కార్బన్ మోనాక్సైడ్ నిండుతాయి. పైపు సరఫరా ఆగిన రోజు 'ఈ పూటకు సిలిండర్ పెడదాం' అనిపిస్తుంది కదా, ఆ పూట కోసం వేరే పొయ్యి ఉండాలి.

టిఫిన్ సెంటర్‌కు ఏది? హోటల్‌లో ఎర్ర సిలిండర్ వాడకూడదు, 19 కిలోలదే వాడాలి. పెద్ద బర్నర్లు రెండు మూడు ఒకేసారి నడిపితే ఆ సిలిండర్ పైన మంచు పట్టడం చూసే ఉంటారు. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని సిలిండర్ నుంచే లాక్కుంటుంది. చల్లబడితే ఒత్తిడి పడిపోయి మంట తగ్గుతుంది. పనోళ్లు వేడినీళ్లు పోస్తారు, కొందరు సిలిండర్‌ను పడుకోబెడతారు. పడుకోబెడితే ద్రవమే పైపులోకి వస్తుంది, ఎప్పుడూ చేయకూడదు. రెండు సిలిండర్లను మ్యానిఫోల్డ్‌తో (రెండింటి గ్యాస్‌ను ఒకే పైపులోకి తెచ్చే అమరికతో) కలిపితే ఒక్కో దాని మీద భారం తగ్గుతుంది. పైపు గ్యాస్‌కు ఈ గొడవే లేదు, అది వచ్చేదే వాయువుగా. పొద్దున నాలుగింటికి ఇడ్లీ పిండి వేసే వాళ్లకు సిలిండర్ అయిపోతుందేమో అన్న గుబులు కూడా ఉండదు.

నా స్టూడెంట్‌కు చెప్పింది ఇదీ. పైపు నీ షాపు ముందు దాకా వచ్చాకే మాట్లాడు, వస్తదంటున్నరు అన్న మాట మీద సిలిండర్ కనెక్షన్ వదులుకోకు. షాపు అద్దెది కాబట్టి గోడకు పైపు వేయడానికి ఓనర్ ఒప్పుకున్నాడా, డిపాజిట్ ఎవరి పేరు మీద ఉంటుంది అనేది రాతలో ఉండాలి. రెండేళ్లలో షాపు మారే ఉద్దేశం ఉంటే సిలిండర్లే ఉంచు. ఇక్కడే పదేళ్లు ఉంటానంటే పైపు గ్యాస్ మంచిది, ఒక బర్నర్, ఒక సిలిండర్ విడిగా పెట్టుకో.

## గోబర్ గ్యాస్: బర్రెలు ఎన్ని, మనుషులు ఎందరు

ఇది పైన చెప్పిన రెండింటిలాంటిది కాదు, కొనే గ్యాస్ కాదు, పండించుకునే గ్యాస్. గాలి తగలని గుమ్మటం లోపల సూక్ష్మజీవులు పెండను తిని మీథేన్ వదులుతాయి. మీథేన్ సుమారు 60 శాతం, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. మండని గ్యాస్ అంత కలిసి ఉంది కాబట్టే వేడి తక్కువ, మంట వేగమూ తక్కువ. గాలి ఎక్కువైతే మంట బర్నర్ నుంచి పైకి లేచి ఆరిపోతుంది. గోబర్ గ్యాస్ పొయ్యికి జెట్ కన్నం అందరికన్నా పెద్దది. ఆ పొయ్యికి సిలిండర్ తగిలిస్తే ఏమవుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అక్కతో ఫోన్‌లో వేసిన లెక్క ఇది. పాతిక కిలోల పెండకు రోజుకు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుందని లెక్క. కొట్టంలో కట్టేసి ఉంచే రెండు బర్రెలు దాదాపు అంత పెండ వేస్తాయి. పగలంతా మేతకు వదిలితే సగం చేలల్లోనే పోతుంది. ఒక ఘనపు మీటరు గ్యాస్ గిన్నెకు ఇచ్చే వేడి సుమారు 350 గ్రాముల ఎల్‌పీజీతో సమానం. ఆ లెక్కన నలభై రోజులకు ఒక సిలిండర్ మిగులుతుంది. నాలుగైదు బర్రెలుండి రెండు ఘనపు మీటర్ల ప్లాంటు కడితే ఇరవై రోజులకే ఒకటి మిగులుతుంది.

"అయితే సిలిండర్ మొత్తానికే బంద్ చేసుడు కాదన్నట్టు" అంది అక్క. కాదు. ఇంట్లో ఆరుగురున్నారు, పండగొస్తే పన్నెండు మంది. పొద్దున పాలు, చాయ్, అన్నం గోబర్ గ్యాస్ మీద, మిగతాది సిలిండర్ మీద. పొయ్యిలు రెండు, పైపులు రెండు.

గ్యాస్ కన్నా ఎక్కువ విలువైనది బయటికొచ్చే ముద్ద, స్లర్రీ. పెండలో ఉన్న నత్రజని గ్యాస్‌తో పాటు పోదు, దాదాపు అంతా స్లర్రీలోనే ఉంటుంది. పిడకలు చేసి కాల్చితే పోయేది అదే. పత్తి, కంది వేసే చెల్కలకు ఇది వేసుకోవచ్చు. రెండెకరాల పైన ఉన్న వాళ్లకు గోబర్ గ్యాస్ నేను గట్టిగా చెప్పేది ఈ ఎరువు కోసమే.

చాకిరీ మాత్రం దాచిపెట్టను. రోజూ పెండకు సమానంగా నీళ్లు కలిపి, గడ్డి పోచలు, రాళ్లు ఏరి పోయాలి. ఎండాకాలం బోరు ఎండిపోయే ఊరైతే పాతిక లీటర్ల నీళ్లు కూడా బరువే. నాలుగు రోజులు పోయకపోతే గ్యాస్ తగ్గిపోతుంది. మొదటిసారి నింపాక వెంటనే గ్యాస్ కోసం చూడకండి. ముందు వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడే, వెలగదు, దాన్ని వదిలేయాలి. వెలుగుతుందో లేదో గుమ్మటం దగ్గరి పైపు మూతి మీద అగ్గిపుల్ల గీసి చూడటం మహా ప్రమాదం. లోపల గాలి ఉంటే గుమ్మటమే పేలవచ్చు. పొయ్యి దగ్గరే వెలిగించి చూడాలి.

వాడకంలో వచ్చే చిక్కులు రెండే. మంట దగ్గినట్టు ఎగిరెగిరి పడితే పైపులో నీరు చేరిందని అర్థం. పైపు అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట నీళ్లు వదిలే నల్లా పెట్టించుకుంటే అప్పుడప్పుడు తిప్పి ఖాళీ చేయొచ్చు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైందని. ఇత్తడి గిన్నెలు, వెండి సామాను నల్లబడేది దానివల్లే. ఇనుప రజను నింపిన గొట్టం గుండా గ్యాస్‌ను పంపితే అది అక్కడే పట్టుబడుతుంది.

చలికాలంలో సూక్ష్మజీవులు మందగిస్తాయి, గ్యాస్ తగ్గుతుంది. మన వైపు ఎండలు వాటికి బాగా నచ్చుతాయి కాబట్టి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇబ్బంది ఉండదు. ఇటుకలతో భూమిలోకి కట్టే దీన్‌బంధు గుమ్మటమైతే తుప్పు పట్టేది ఏమీ లేదు, కానీ మేస్త్రికి అంతకుముందు కట్టిన అనుభవం ఉండి తీరాలి. వెంట్రుకంత పగులు వచ్చినా గ్యాస్ నిలవదు. కారిపోయిన మీథేన్ వృథా కావడమే కాదు, వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఇంట్లో రోజూ పెండ కలపడానికి ఒప్పుకున్న మనిషి ఎవరో తేలకుండా మేస్త్రికి బయానా ఇవ్వకండి. మా అక్క ఇంట్లో బావ ఒప్పుకున్నాడు, గుంత తీస్తున్నారు.

## ఏది ఎంచుకున్నా, బాత్రూమ్ గీజర్ గురించి

చలికాలం రాగానే గ్యాస్ గీజర్ పెట్టించుకుందామా అని అడుగుతారు. స్నానం చేసే గదిలోపల పెట్టకండి. తలుపు, కిటికీ మూసిన చిన్న గదిలో గీజర్ నిమిషాల్లో ఆక్సిజన్‌ను తినేస్తుంది, ఆపైన వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తల తిరుగుతున్నట్టు అనిపించేసరికి తలుపు తీసే బలం కూడా ఉండదు. పెట్టాల్సి వస్తే గీజర్ గోడ అవతల, ఆరుబయట ఉండాలి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి రావాలి.

## బావమరిది కారు

| ఇంధనం | కొలత | వేడి, సుమారు (మెగాజౌల్) | ఒక మెగాజౌల్ వేడికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ (గ్రాములు) |
|---|---|---|---|
| పెట్రోల్ (ఇథనాల్ కలపనిది) | 1 లీటరు | 32 | 69 |
| డీజిల్ | 1 లీటరు | 36 | 74 |
| సీఎన్‌జీ | 1 కిలో | 48 | 56 |

బంకులో కిలో సీఎన్‌జీ ధర, లీటరు పెట్రోల్ ధర దగ్గర దగ్గరగా ఉన్నా మోసపోకండి, కిలో సీఎన్‌జీలో లీటరున్నర పెట్రోల్ వేడి ఉంది. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో వేడి తక్కువ కాబట్టి లీటరుకు సుమారు ఏడు శాతం తగ్గుతుంది. మైలేజీ కొంచెం పడిపోయిందని బండివాళ్లు అనేది ఊహ కాదు.

ఇంజిన్‌లో ఇంకో విషయం ఉంది. తిన్నని గొలుసు ఆల్కేన్లు స్పార్క్ దగ్గర మొదలైన మంట తమ దాకా రాకముందే ఒత్తిడికే అంటుకుంటాయి, ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది. కొమ్మలున్న ఆల్కేన్లు ఓర్చుకుంటాయి. ఆక్టేన్ నంబరు ఆ ఓర్పుకు కొలత. తిన్నని హెప్టేన్‌కు సున్నా, కొమ్మలున్న ఐసో ఆక్టేన్‌కు 100. అందుకే రిఫైనరీల్లో తిన్నని గొలుసులను కొమ్మలుగా మారుస్తారు. డీజిల్ ఇంజిన్‌కు సరిగ్గా ఇందుకు ఎదురు కావాలి, ఒత్తిడికే అంటుకునే తిన్నని పొడుగు గొలుసులే దానికి మంచివి. ఒకదాని బదులు ఒకటి పోస్తే ఇంజిన్ పాడయ్యేది ఇందుకే.

జడ్చర్ల నుంచి హైదరాబాద్‌కు రోజూ 44వ నంబరు హైవే మీద వెళ్లి వచ్చే మనిషికి పెట్రోల్ ఖర్చు ఎక్కువ. మిగిలినవి డీజిల్, సీఎన్‌జీ. బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ దూరం, వేగంగా నడిస్తే అందులోని మసి కాలిపోతూ ఉంటుంది. ఊళ్లోనే రెండు కిలోమీటర్లు తిరిగే వాళ్లకు అది మూసుకుపోయి తలనొప్పి. అంటే డీజిల్ బావమరిదికి సరిపోతుంది, మహబూబ్‌నగర్ టౌన్ దాటని మా తోటి లెక్చరర్‌కు సరిపోదు. సీఎన్‌జీకి ఖర్చు, పొగ రెండూ తక్కువ. కానీ 200 బార్ల ఒత్తిడి తట్టుకునే సిలిండర్ డిక్కీలో చాలా చోటు తినేస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు కొంచెం తగ్గుతుంది, బంకు దగ్గర లైన్ ఉంటుంది. ఒక్కడే వెళ్లి వచ్చే మనిషి, డిక్కీతో పనిలేదు, దారిలో బంకు ఉందో లేదో తనే చూసుకున్నాడు. సీఎన్‌జీ తీసుకోమన్నాను.

"సెకండ్ హ్యాండ్ అయితే ఏం చూడాలె బావా?" అన్నాడు. సిలిండర్ పరీక్ష తేదీ చూడాలి. మూడేళ్లకోసారి దాన్ని నీటి ఒత్తిడితో పరీక్ష చేయించాలి, ఆ తేదీ కారుకు బిగించిన ప్లేటు మీద, సర్టిఫికెట్‌లో ఉంటుంది. ఆదివారం షాద్‌నగర్‌లో చూసిన కారుకు ఆ కాగితం లేదు. ఇంకోటి చూస్తున్నాడు.